సింహముఖానికి హారతి, పిల్లవాడికి మంచినీళ్ళు

పోయిన నరసింహ జయంతికి బూన్ లేలోని ఒక సమావేశ మందిరంలో మన పిల్లలు ప్రహ్లాద చరిత్ర ఆడారు. నేను మూడవ వరుసలో కూర్చున్నాను. ఆట బాగా నడిచింది. ప్రహ్లాదుడు పద్యం తడుముకోకుండా చదివాడు. లీలావతి వేషం వేసిన అమ్మాయి ఏడవవలసిన చోట నిజంగానే ఏడ్చింది. చివరకు థర్మాకోల్ స్తంభం రెండుగా విడిపోయి, అందులోనుంచి తొమ్మిదేళ్ళ బాలుడు సింహముఖం తొడుక్కుని బయటకు వచ్చాడు. సభ మొత్తం లేచి నిలబడింది. అంతవరకు ఎవరికీ ఏ అభ్యంతరమూ ఉండవలసిన పని లేదు.

తెర పడవలసిన సమయానికి తెర పడలేదు. ఎవరో పెద్దలు భక్తి పట్టలేక వేదిక ఎక్కి ఆ బాలుడి పాదాలకు నమస్కరించారు. వారి వెనుక మరొకరు ఎక్కారు. ఇంకెవరో పూజకు తెచ్చిన పళ్ళెంలో కర్పూరం వెలిగించి పిల్లవాడికి హారతి ఇచ్చారు. చూస్తుండగానే వేదిక పక్కన వరుస ఏర్పడింది. చంటిబిడ్డలను అతని ఒడిలో పెట్టి ఫోటోలు తీసుకున్నారు. సింహముఖం లోపలినుంచి సన్నగా "నీళ్ళు" అన్న మాట వినిపించింది. "ఒక్క నిమిషం నాన్నా, ఇంకా ఫోటోలు అవలేదు" అని ఎవరో సముదాయించారు. ఆ ఒక్క నిమిషం పావుగంట సాగింది. ఆఖరికి అతని బామ్మగారు జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, రెండు చేతులతో ఆ ముఖాన్ని పైకెత్తి తీశారు. లోపల ముఖం కందిపోయి ఉంది. పిల్లవాడు సీసాడు నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగాడు. వరుసలో మిగిలినవారిలో ఒకరు, "అయ్యో, మేమింకా దండం పెట్టుకోనే లేదు" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. అన్నవారు చెడ్డవారు కారు, నాకు తెలిసినంతలో ఎంతో భక్తి గలవారు. ఆ రాత్రి నరసింహస్వామి ముందు నిలబడ్డామని ఆయన నమ్మారు. దాహంతో ఉన్న పిల్లవాడి ముందు నిలబడ్డామన్న సంగతి ఆయనకు తోచలేదు. ఆ తరువాత మన ఇళ్ళలో, గుడి మెట్ల దగ్గర, రైల్వే స్టేషను పక్కన కాఫీ దుకాణంలో జరిగిన చర్చలలో కూడా ఆ పిల్లవాడు దాదాపు కనిపించకుండా పోయాడు. ఒక పక్షం వారు, దేవుళ్ళ వేషాలు వేయించడమే తప్పనీ, ఇకమీదట ఆలయ ఉత్సవాలలో భజనలు తప్ప ఆటలు వద్దనీ అన్నారు. రెండవ పక్షం వారు, పిల్లల సరదాకు ఇంత శాస్త్రం ఎందుకనీ, దండం పెడితే పుణ్యమే గాని పాపం రాదు గదా అనీ అన్నారు. ఈ రెండు మాటలూ పొరపాటే అన్నది నా అభిప్రాయం. ఈ రెండూ ఒకే అజ్ఞానంలోనుంచి పుట్టాయని కూడా అంటాను. వేషానికి మన సంప్రదాయం గీసిన గీత ఎక్కడుందో ఇద్దరికీ తెలియదు.

ఆ గీత దేవుడి గౌరవం దగ్గర ఉందని చాలామంది అనుకుంటారు. దేవుడిని చిన్నబుచ్చితే తప్పు, పెద్దగా చూపితే ఒప్పు అన్నది వారి లెక్క. అదే నిజమైతే మన సాహిత్యంలో సగం తగలబెట్టవలసి వస్తుంది. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన పారిజాతాపహరణంలో, అలిగిన సత్యభామ పాదాల మీద వాలిన కృష్ణుడి శిరస్సును ఎడమకాలితో తోసివేస్తుంది. జగన్నాథుణ్ణి భార్య తన్నింది! అయిదువందల ఏళ్ళుగా తెలుగువారు ఆ ఘట్టాన్ని చదివి మురిసిపోతున్నారే గాని, దైవదూషణ అని ఎవరూ గుండెలు బాదుకోలేదు. సిద్ధేంద్రయోగి పేరు మీద నడిచే భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా తన జడను వేసి, చేతనైతే నన్ను గెలవండని సభకే సవాలు విసురుతుంది. భర్త పేరు చెప్పమంటే సిగ్గుపడుతుంది, సవతిని తిడుతుంది, చెలికత్తెతో బేరమాడుతుంది. ఆమె భూదేవి అంశ అన్న సంగతి ఆడేవారికీ తెలుసు, చూసేవారికీ తెలుసు. వేదాంతం సత్యనారాయణశర్మ గారు ఆ వేషంలో రంగం మీదికి వస్తే, పురుషుడన్న మాట జనం మరచిపోయేవారు. అంతగా మరచిపోయినవారు కూడా ఆయనకు హారతి ఇవ్వాలని వేదిక ఎక్కలేదు.

కాబట్టి మన పెద్దలకు దేవుడు తన్నులు తినడం అభ్యంతరం కాలేదు. మరి వారు దేనికి జాగ్రత్త పడ్డారు? ఆ జాగ్రత్త నాట్యశాస్త్రం మొదటి అధ్యాయాలలోనే కనిపిస్తుంది. భరతుడు మొట్టమొదట ఆడించిన ఆట దేవతలు అసురులను జయించిన కథ. తమను అవమానించారని అసురులు ఆగ్రహించి విఘ్నాలు కలిగించారు, నటుల మాటలూ కదలికలూ స్తంభించిపోయాయి. అప్పుడు ఇంద్రుడు తన ధ్వజంతో ఆ విఘ్నాలను చితకగొట్టాడు, ఆ ధ్వజానికే జర్జరమని పేరు వచ్చింది. ఆ తరువాత బ్రహ్మ, ఇది మీ ఒక్కరిదీ కాదు, వారి ఒక్కరిదీ కాదు, మూడు లోకాల నడతకు అనుకరణమని అసురులకు నచ్చచెప్పాడు. తరువాతి అధ్యాయాలలో రంగపూజ విధానం వస్తుంది. ఆట మొదలు కాకముందు పూజ జరగవలసిందే, అది లేకుండా ఆడినవాడికి కీడు తప్పదని కూడా శాస్త్రం హెచ్చరిస్తుంది. అయితే ఆ పూజ ఎవరికి? రంగానికి, రంగాన్ని కాపాడే దేవతలకు, జర్జరానికి. రాముడి వేషం వేయబోయే నటుడిని పీట మీద కూర్చోబెట్టి పూజించమని అక్కడ లేదు. నటుడు అనుకర్త, అంటే అనుకరించేవాడు. పూజ అందుకునేది అతడు నిలబడిన నేల. చావును, యుద్ధాన్ని, నగర ముట్టడిని రంగం మీద నేరుగా చూపవద్దని, మాటలతో సూచించమని కూడా అదే శాస్త్రం చెప్పింది. చూసేవాడు ఆటలో లీనం కావాలి గాని, ఆటకూ నిజానికీ మధ్యనున్న గడప తెలియకుండా పోకూడదన్నదే ఆ నియమాల ఆంతర్యమని నేను భావిస్తాను.

శాస్త్రం ఒక ఎత్తు, ఊరి ఆచారం ఒక ఎత్తు. ఊళ్ళలో వేషధారికి దండం పెట్టే ఆచారం లేదా అని ఎవరైనా అడుగుతారు. ఉంది, బలంగా ఉంది. ఆ బలం ఎంత బరువు మీద నిలిచిందో తెలియాలంటే తంజావూరు జిల్లాలోని మేలట్టూరు సంగతి తెలుసుకోవాలి.

మేలట్టూరు మనవంటివారు ప్రత్యేకంగా తెలుసుకోదగిన ఊరు. తంజావూరును ఏలిన అచ్యుతప్ప నాయకుడు పదహారవ శతాబ్దంలో బ్రాహ్మణ కుటుంబాలకు ఇచ్చిన అగ్రహారం అది. అందుకే దానికి అచ్యుతాబ్ధి అన్న పాత పేరు ఉంది. చుట్టూ తమిళ దేశం. ఆడేవారిలో పలువురి ఇంటి భాష తమిళం. అయినా అక్కడ నరసింహ జయంతి ఉత్సవంలో వరదరాజ పెరుమాళ్ సన్నిధిలో ఆడేది తెలుగు నాటకాలు. త్యాగరాజస్వామి కాలానికి చెందిన మేలట్టూరు వెంకటరామశాస్త్రి గారు రాసిన ప్రహ్లాద చరిత్రము వాటిలో ముఖ్యమైనది. దీనిని భాగవతమేళ అంటారు. ఆడేవారందరూ మగవారే. చాలామంది పగలు బ్యాంకులలోనో ఆఫీసులలోనో పనిచేసుకుని, ఉత్సవానికి ఊరు చేరుకునే మామూలు ఉద్యోగస్తులు. మాతృదేశం వదిలి వచ్చాము గనుక మన భాష, మన ఆట పిల్లలకు అందవని దిగులుపడే మనం ఆ ఊరి వంక ఒకసారి చూడాలి. నాలుగు వందల ఏళ్ళకు పైగా ఇంటికి దూరంగా ఉండి కూడా వారు తెలుగును రంగం మీద నిలబెట్టుకున్నారు.

అక్కడ నరసింహుడి ముఖం అద్దె దుకాణంలో దొరికే వస్తువు కాదు. పూజలందుకునే వస్తువు. దానిని ధరించబోయేవాడు ఆ రోజు ఉపవాసం ఉంటాడు. రాత్రి మొదలైన ఆటలో తెల్లవారుజాము దగ్గరపడుతుండగా అతడు ఆ ముఖం ధరించి ప్రవేశిస్తాడు. ఆవేశం వస్తుంది. అది నటనా, నిజమా అని అక్కడ ఎవరూ పరీక్ష పెట్టరు, వస్తుందనే అనుకుని సిద్ధంగా ఉంటారు. అతడిని పట్టుకోవడానికి అటూ ఇటూ మనుషులు నిలబడతారు. హిరణ్యకశిపుడి మీదికి అతడు ఉరికినప్పుడు వారు వెనక్కు లాగుతారు. రాక్షసుడి పొట్ట చీల్చే దృశ్యం పూర్తిగా జరగదు, జరగనివ్వరు. దేవుడు వచ్చాడని నమ్మిన ఊరే ఆ దేవుడి నడుము పట్టుకుని ఆపుతుంది. నాకు తెలిసినంతలో వేషానికి గీసిన హద్దుకు ఇంతకంటే స్పష్టమైన చిత్రం మరొకటి లేదు. అక్కడ దండం పెట్టేవారూ ఉన్నారు, పట్టుకునేవారూ ఉన్నారు. బూన్ లేలో ఆ సాయంత్రం దండం పెట్టేవారు నలభైమంది. పట్టుకోవడానికి ఉన్నది ఒక్క బామ్మగారు.

ఇదే ఆటలో చిన్నపిల్లవాడు కూడా దేవుడవుతాడు. భాగవతమేళ మొదట్లో ఒక బాలుడు ఏనుగు ముఖం తొడుక్కుని గణపతిగా వచ్చి ఆడతాడు. భక్తులు చేతులు జోడిస్తారు. అయితే ఆ ప్రవేశం చిన్నది. ఆ పిల్లవాడి పని విఘ్నాలు లేకుండా ఆట మొదలుపెట్టడం వరకే, తరువాత అతడు వెళ్ళిపోతాడు. పిల్లవాడి భుజం ఎంత బరువు మోయగలదో కొలిచి చూసినట్టే ఉంది ఆ ఏర్పాటు.

తెలుగునాట తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మరొక రకం. అక్కడ శాస్త్రం లేదు, సంస్కృతం లేదు, వీధే రంగస్థలం. స్త్రీలను చెరబట్టే పాలెగాడిని వెతకడానికి గంగమ్మ రోజుకొక మారువేషం వేసిందన్న కథను కైకాల కుటుంబం పురుషులు ఏటేటా వేషాలతో నడిపిస్తారు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని వరుస ఉంటుంది. దొర వేషంలో పాలెగాడి తల తెగుతుంది, మాతంగి వేషంలో అతని భార్యను ఓదార్చడానికి వస్తుంది. చంపిన దేవతే మరునాడు ఓదార్చవలసి రావడం ఎంత గొప్ప ఊహో చూడండి. ఈ వేషధారులు ఇంటింటికీ వస్తే ఆడవారు హారతి ఇస్తారు, పాదాల మీద నీళ్ళు పోస్తారు. అంటే వేషధారికి హారతి తెలుగువారికి కొత్త కాదు. కాని ఆ హారతి వెనుక తరతరాల బాధ్యత ఉంది. ఫలానా రోజు, ఫలానా వేషం, ఫలానా ఇంటివారు అన్న కట్టుబాటు ఉంది. ముగింపు కూడా ఉంది. జాతర చివర ఆలయం ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. జనం కన్నార్పకుండా చూస్తుండగా వేషధారి ఆ మట్టిరూపం చెంప నరుకుతాడు. అందరూ ఆ మట్టి కోసం ఎగబడి ప్రసాదంగా ఇంటికి తీసుకువెళతారు. అమ్మవారు వచ్చిందని ఎంత గట్టిగా నమ్ముతారో, ఇక వెళ్ళిందని అంత గట్టిగానూ ప్రకటిస్తారు.

కాశీకి ఎదురుగా గంగకు అవతలి ఒడ్డునున్న రామనగర్ రామలీల గురించి కొంత చెప్పి ఊరుకుంటాను. అక్కడ రాముడు, సీత, తమ్ముళ్ళుగా వేషం వేసే బాలురను స్వరూపాలు అంటారు. కిరీటం తలమీద ఉన్నంతసేపు కాశీ మహారాజంతటివాడు వారికి నమస్కరిస్తాడు. ముప్ఫై ఒక్క రోజుల ఆటలో ప్రతిరోజూ చివర హారతి ఉంటుంది. మన రెండవ పక్షం వారు ఈ మాట పట్టుకుని, చూశారా అంటారు. చూశాను. ఆ బాలురను నెలల ముందే ఎంచి, ఇంటినుంచి తెచ్చి, వ్యాసులనే గురువుల సంరక్షణలో ఉంచి పాఠం చెబుతారు. వారి తిండి, నిద్ర, మాట అన్నీ ఒకరి బాధ్యతలో ఉంటాయి. హారతి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అందరికీ తెలుసు. కిరీటం తీశాక వారు మళ్ళీ పిల్లలు. ఇంత ఏర్పాటు చేయగలిగినవారు హారతి ఇవ్వవచ్చు. మనం చేసింది ఏమిటి? శనివారం సాయంత్రాలు ఆరు సార్లు అభ్యాసం చేయించి, దుస్తులు అద్దెకు తెచ్చి, హారతి మాత్రం రామనగర్ స్థాయిలో ఇచ్చాము.

నా వాదమంతా ఇంతే. వేషాన్ని పూజించడం తప్పు కాదు. నియమం మోయనివాళ్ళు పూజించడం తప్పు. వేషానికి ముందు దీక్ష, నడుమ కాపలా, చివర విడుపు ఏర్పాటు చేయలేని చోట కథ ఆడుకోవాలి, ఆనందించాలి, చప్పట్లు కొట్టాలి. హారతి పళ్ళెం కిందనే ఉంచాలి.

సింగపూరులో ఇవన్నీ కుదరవని కొందరు అంటారు. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని శ్రీ మారియమ్మన్ ఆలయం ఆ మాటను ఒప్పుకోదు. 1827లో వెలసిన ఆ గుడిలో ఏటా దీపావళికి ముందు అగ్నిగుండం తొక్కుతారు. మన తెలుగువారిలో చాలామందికి ఆ నిప్పుల మీద నడక ఒక్కటే తెలుసు. దాని ముందు వారాల తరబడి మహాభారత కథ నడుస్తుంది. ద్రౌపది కల్యాణం, అర్జునుడి తపస్సు, ఇరావంతుడి బలి వంటి ఘట్టాలు ఆలయంలో క్రతువులుగా జరుగుతాయి. నిప్పు తొక్కేవారు ముందుగా వ్రతం పట్టి, మాంసం మాని, నియమంగా ఉంటారు. ఆ రాత్రి సిరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ ఆలయంనుంచి నాలుగు కిలోమీటర్ల దూరం నడిచి వస్తారు. కరగం తలకెత్తుకున్న పూజారి ముందుగా గుండంలోకి దిగుతాడు. మింట్లను తాకే మేడల నడుమ, ట్రాఫిక్ దీపాల నడుమ ఇదంతా ఇప్పటికీ సాగుతున్నది. మనకు లోపించినది స్థలమూ కాదు, కాలమూ కాదు.

కాలం మాట వచ్చింది గనుక ఒక ఫిర్యాదు. మందిరాన్ని రాత్రి పదింటికి ఖాళీ చేయాలన్నది నిజమే. మేలట్టూరులో వలె తెల్లవార్లూ ఆడలేము. అందుచేత ఏదో ఒకటి కత్తిరించాలి. మనం ఏమి కత్తిరిస్తున్నాము? ప్రార్థన శ్లోకాన్ని సగం చేశాము. సూత్రధారుడిని తీసివేశాము. చివరి మంగళం ఎప్పుడో పోయింది. కాని ముఖ్య అతిథికి శాలువా, ఉప అతిథికి జ్ఞాపిక, దాతల పేర్లు, అందరూ కలిసి ఒక ఫోటో, ఇవి మాత్రం ఏ ఏడూ తగ్గలేదు. ఒకసారి గడియారం పెట్టుకుని చూశాను. శాలువాలకు పట్టిన సమయం ప్రహ్లాదుడిని కొండ మీదనుంచి తోసి, ఏనుగులతో తొక్కించి, పాములతో కరిపించడానికి పట్టిన సమయంకంటే ఎక్కువ. మంగళం పాడి ఉంటే తెర పడేది. తెర పడి ఉంటే వరుస ఏర్పడేది కాదు.

సినిమా పాటల గురించి కూడా రాయమని కొందరు మిత్రులు అడిగారు. గుడి వేదిక మీద ఆడవలసిన పాట కాదని వినగానే తెలిసే పాటలకు వేరే వ్యాసం అనవసరం.

ఇక మొదటి పక్షం వారికి, ఆటలే వద్దన్నవారికి, కొంచెం కఠినంగా చెప్పవలసి ఉంది. గుడిలో నాట్యం హద్దు మీరింది గనుక నాట్యాన్నే తీసివేద్దామన్న ఆలోచన కొత్తది కాదు. మన నేల మీద ఒకసారి అమలు జరిగింది. ఎవరి మీద అమలు జరిగిందో గుర్తుంచుకోవాలి. గోదావరి, కృష్ణా జిల్లాలలో కలావంతుల స్త్రీలు ఆలయ సేవగా నాట్యం చేసేవారు. పద్దెనిమిది వందల ఎనభైల తరువాత సంస్కర్తలు భోగం మేళాలకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపారు. కందుకూరి వీరేశలింగం గారి కలం అందులో ముందుంది. 1893లో మద్రాసు సంస్కర్తలు వైస్రాయికి, గవర్నరుకు విన్నపాలు పంపి, అటువంటి మేళాలున్న విందులకు రావద్దని కోరారు. చివరకు 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. బాలికలను దేవుడికి ముడుపు కట్టడాన్ని ఆపడం న్యాయమైన పనే, దానిని నేను తప్పు పట్టను. ఆ ఆచారం చాటున జరిగిన దోపిడీ కాదనలేనిది. కాని ఆ చట్టం అక్కడితో ఆగలేదు. ఆలయ ప్రాంగణంలో గాని, దేవుడి ఊరేగింపులో గాని, కుంభహారతితో గాని అది లేకుండా గాని స్త్రీ నాట్యం చేయడాన్నే నిషేధించింది.

కుంభహారతి అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. దేవుడికి దృష్టి దోషం తగలకుండా కుండ మీద దీపం పెట్టి తిప్పే అధికారం ఆ స్త్రీలది. హారతి ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో, ఏ పాటతో ఇవ్వాలో తెలిసినవారు వారే. హద్దుల పేరు చెప్పి వారిని గుడిబయటికి పంపాము. వారి పాటలూ అడుగులూ పెద్దింటి అమ్మాయిలు నేర్చుకుని సభలలో ఆడాక అది కళ అయింది. నటరాజ రామకృష్ణ గారు ముసలివారైన ఆ కళాకారిణులను వెతికి, వారి దగ్గర నేర్చుకుని, దానికి ఆంధ్రనాట్యమని పేరు పెట్టి నిలబెట్టకపోయి ఉంటే, చాలా భాగం వారితోనే పోయేది. ఇప్పుడు మళ్ళీ ఎవరైనా హద్దు మీరారంటే నిషేధమే మార్గమంటున్నారు. మొదటిసారి నిషేధం దెబ్బ మాట్లాడలేని స్త్రీల మీద పడింది. ఈసారి పిల్లల మీద పడుతుంది. తెలుగు పద్యం నోట పట్టడానికి ఇక్కడి పిల్లలకు ఉన్న ఒకే ఒక సందు ఈ వేషం. బడిలో ఇంగ్లీషు, ఆటస్థలంలో ఇంగ్లీషు, ఇంట్లో సగం ఇంగ్లీషు. ప్రహ్లాదుడుగా నిలబడినప్పుడు మాత్రం పిల్లవాడు ఒత్తులు పలకాలి. ఆ సందు మూసివేసి భజనలో వెనుక వరుసన కూర్చోబెడితే, వాడు పెదవులు కదిలిస్తాడు, అంతే.

కల్యాణాల సంగతి ఒకటి మిగిలింది. సీతారామ కల్యాణానికి పిల్లలకు పెళ్ళిబట్టలు కట్టి, మంత్రాలు చదివి, నిజమైన మంగళసూత్రం కట్టించే ముచ్చట కొన్ని చోట్ల మొదలైంది. దీని మీద నాకు రెండవ ఆలోచన లేదు. కల్యాణం ఉత్సవమూర్తులకు జరగాలి. పిల్లలు పూలదండలు మార్చుకునే ఆట ఆడవచ్చు. పదేళ్ళ ఆడపిల్ల మెడలో మంత్రంతో సూత్రం వేయడం ఆట కాదు. శారదా చట్టం వచ్చి తొంభై ఏళ్ళు దాటిన తరువాత ఆ మాట చెప్పవలసి రావడం సిగ్గుగా ఉంది.

మరి వచ్చే ఏడు ఏం చేయాలి? నేను అడిగేది చిన్న పని. సింహముఖాన్ని ఆట మొదలయ్యే ముందు దీపం పక్కన పీట మీద పెట్టండి. కావలసినవారందరూ అప్పుడే వచ్చి దానికి దండం పెట్టుకోండి, హారతి ఇవ్వండి, ఫోటోలు కూడా తీసుకోండి. అక్కడ పూజ అందుకుంటున్నది ఆ ముఖం, అది దాహంతో బాధపడదు. ఆట ముగిశాక మంగళం పాడి తెర వేయండి. తెర వెనుక గురువుగారు గాని, పిల్లవాడి ఇంటి పెద్దవారు గాని సింహముఖం విప్పి మళ్ళీ ఆ పీట మీదనే ఉంచాలి. పిల్లవాడు మంచినీళ్ళు తాగి, ముఖం కడుక్కుని, మామూలు చొక్కాతో బయటికి వచ్చి, మనందరితో కలిసి స్వామికి నమస్కరించాలి. అప్పుడు మనం వాడి తల నిమరవచ్చు, దీవించవచ్చు. పెద్దలు పిల్లవాడి పాదాలు ముట్టుకోవడంకంటే, పిల్లవాడు పెద్దల పాదాలు ముట్టుకోవడమే చూడముచ్చటగా ఉంటుందని నా అనుమానం. తెర వెనుక జరిగే ఆ విడుపును మిగిలిన పిల్లలు కూడా చూడాలి. వేషం వేసుకోవడం ఎలాగో నేర్పుతున్నాము గాని, విప్పుకోవడం ఎలాగో వారికి ఇంతవరకు ఎవరూ నేర్పలేదు.

దీనికి అదనంగా పట్టేది అయిదు నిమిషాలు. రెండు శాలువాలు తగ్గించుకుంటే సరిపోతుంది.

ఈ వ్యాసం రాసే ముందు ఆ బాలుడిని మా బ్లాకు కింద చూసి, వచ్చే జయంతికి మళ్ళీ వేషం వేస్తావా నాన్నా అని అడిగాను. కొంచెం ఆలోచించాడు. "వేస్తాను తాతగారూ, కాని నరసింహస్వామి వద్దు, హిరణ్యకశిపుడు వేస్తాను" అన్నాడు. ఎందుకురా అంటే, "ఆయనకు మాస్కు ఉండదు కదండీ, చచ్చిపోయాక ఎవరూ ఫోటో కూడా అడగరు" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.